బస్సు చుట్టూ తిరిగే పైలట్

ఆయన మంచం మీద పోయారని ఫోనులో విన్నప్పుడు నాకు ముందుగా కలిగింది సంతోషం. రాయడానికి బాగుండదు గానీ నిజం అదే. "నిద్రలోనే తమ్ముడూ. గుండె," అన్నారు ఆయన భార్య. ఎమర్జెన్సీ వార్డులో ఏళ్ళ తరబడి నర్సుగా చేస్తున్న మనిషి, గొంతు వణకలేదు. "మంచం మీదేనా అక్కయ్యా?" అని మళ్ళీ అడిగాను. "మంచం మీదే," అన్నారు. పెద్ద బేరం మనకి లాభంగా ముగిసినప్పుడు పైకి నవ్వకూడదని తల వంచుకుంటామే, అలా తల వంచుకునే ఫోను పెట్టేశాను.

ఒకప్పుడు ఆయన్ని ఎరిగినవాళ్ళెవరూ ఆయన మంచం మీద పోతారనుకోలేదు. రోడ్డు మీదో, ఆకాశం నుంచి కిందపడో పోతారనుకున్నాం.

నా సంగతి కూడా కాస్త చెప్పాలి. మా నాన్నది తెనాలిలో చెప్పుల షాపు. అటు పక్క బట్టల కొట్టు, ఇటు పక్క స్టీలు సామాన్ల కొట్టు, ఎదురుగా కిరాణా. నాకు అక్షరాల కన్నా ముందు బేరం వచ్చింది. ధర వినగానే మొహం మాడ్చుకోవడం, లేచి వెళ్ళిపోతున్నట్టు నటించడం, వెనక్కి పిలుస్తారని తెలిసి మెల్లగా నడవడం, ఇదే నా చదువు. ఆ చదువు పట్టుకుని ఢిల్లీ వచ్చి మునిర్కా దగ్గర పాత కార్లు కొని అమ్మే వ్యాపారం పెట్టాను. మొదటి ఏడాది ఇక్కడి బేరగాళ్ళు నన్ను అరటిపండు ఒలిచినట్టు ఒలిచారు. నేను వెళ్ళిపోతున్నట్టు నటిస్తే వెనక్కి పిలిచినవాడు లేడు. చివరికి నేనే తిరిగొచ్చేవాణ్ణి.

ఆ ఏడాదిలో నేర్చుకున్నది ఒకటే. పాత కారు కొనేవాడికి కళ్ళు పనికిరావు. కొత్త రంగు చూస్తే కళ్ళు నమ్మేస్తాయి, అరచెయ్యి నమ్మదు. సొట్ట పడ్డచోట పుట్టీ మెత్తి రంగు కొట్టినా, చేత్తో నిమిరితే తెలిసిపోతుంది, వేలితో కొడితే మొద్దుగా పలుకుతుంది. అందుకని కారు వస్తే నోరు మూసుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాను, ఒళ్ళంతా నిమురుతూ.

మునిర్కాలో ఎవరో తెలుగు సేఠ్ ఉన్నాడని విని ఆయన తన తెల్ల మారుతిని అమ్మడానికి తీసుకొచ్చిన రోజు కూడా అలాగే చేశాను. పొడుగాటి మనిషి, చెవుల దగ్గర నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, జేబులో లవంగాల డబ్బీ. మనిషి కన్నా ముందు లవంగాల వాసన వచ్చేది. చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నారు. కారు కుడి పక్క పొడుగునా గీతలున్నాయి.

"ఇవేమిటి సార్?"

"ఆఫీసు దగ్గర నిలబెట్టి ఉంటే ఎవడో గీసి పోయాడు."

"నిలబెట్టిన బండికి సొట్ట పడుతుంది సార్. ఇంత పొడుగు గీత పరిగెత్తే బండికే పడుతుంది. పైగా గీతలో పసుపు రంగుంది. రోడ్డు మధ్య డివైడరుకి వేసే పసుపు."

కోప్పడతారనుకున్నాను. కోపం వచ్చినవాడి దగ్గర ధర తగ్గించడం తేలిక. ఆయన పకపకా నవ్వారు. "ఏ ఊరు నీది?"

"తెనాలండీ."

"అదీ సంగతి. మాది కాకినాడ. ఇంత దూరం వచ్చి కూడా మీ గుంటూరు జిల్లావాడి చేతిలోనే పడ్డానన్నమాట."

ఆ రోజు కారు అమ్మలేదు. గీతలు పోగొట్టించుకుని వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ, "నువ్వు కారు చుట్టూ తిరిగినట్టే నేను విమానం చుట్టూ తిరుగుతాను సేఠూ. చెయ్యి వేసి చూడకుండా ఎక్కను," అన్నారు. కోతలనుకున్నాను. కోతలు కావు. ఆయన ఆర్.కె. పురం క్వార్టర్సులో ఉండే సర్కారు ఇంజనీరు. కుర్రతనంలోనే సరదాకి విమానం నడపడం నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నారు. ఆదివారం వస్తే గుర్గావ్ దాటి, పొలాల మధ్య ఒక చిన్న రన్‌వే ఉన్న క్లబ్బుకి వెళ్ళి, ఇద్దరు పట్టే చిన్న విమానంలో కాసేపు తిరిగి వచ్చేవారు. భార్య చర్చికి, ఆయన ఆకాశానికి. "ఇద్దరం దేవుడి దగ్గరికే," అనేవారు.

చెయ్యి వేసి చూడటం ఆయనకి విమానంతో ఆగలేదు. కార్లు నిలబెట్టే మా అడ్డాకి వచ్చి కుర్చీలో కూర్చునే ముందు దాని కాళ్ళు కదిపి చూసేవారు. గ్యాస్ బండ తెచ్చినవాణ్ణి ఆపి బండ చుట్టూ నిమిరేవారు. చూడని వస్తువు ఒకటే, తన కారు. తలుపు తెరవడం, దబ్బున వెయ్యడం, పోవడం.

సాయంత్రాలు తాగేవారు. తాగి నడిపేవారు. దాచుకునేవారు కాదు, నా దగ్గర దాచి లాభం లేదని తెలుసు గనక. ప్రతి గీతా, ప్రతి సొట్టా నా చేతి కిందకే వచ్చేవి. నేను నసిగితే ఆయన దగ్గర సిద్ధంగా ఒక మాట ఉండేది. "నేల మీద నేను వేరు, గాలిలో నేను వేరు సేఠూ. నేల మీదవాడు వెధవ, ఒప్పుకుంటాను. గాలిలోవాడి జోలికి రాకు."

ఒకసారి ధౌలాకువా దగ్గర ఒక హవల్దారు కారు ఆపాడట. లైసెన్సు చూపించమంటే ఈయన జేబులోంచి పైలట్ లైసెన్సు తీసి ఇచ్చారు. హవల్దారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అరే, ఆప్ తో కెప్టెన్ సాబ్ హైఁ," అని సెల్యూట్ కొట్టి పంపించాడు. ఆ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పారో. చెప్పిన ప్రతిసారీ లేచి నిలబడి ఆ సెల్యూట్ కొట్టి చూపించేవారు. నేనూ ప్రతిసారీ నవ్వాను.

జామకాయల కథకి మాత్రం నవ్వలేకపోయాను. ఒక సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, ఆయన కారు బేర్ సరాయ్ మలుపులో ఒక జామకాయల బండిని గుద్దింది. బండి తిరగబడింది. బండివాడు పక్కకి దూకబట్టి మోచేతులు చీరుకుపోవడంతో సరిపోయింది. ఈయన అతన్ని కారులో ఎక్కించుకుని సరాసరి ఇంటికి తీసుకెళ్ళారు. అక్కయ్య కట్లు కట్టి, టీ ఇచ్చి కూర్చోబెట్టారు. నలిగినవి, నలగనివి జామకాయలన్నీ ఈయనే కొనేసి క్వార్టర్సంతా పంచారు. పిల్లలకి పండగ. మర్నాడు నాకూ ఒక సంచీ వచ్చింది, బంపర్ బాగు చెయ్యమనే కారుతో పాటు.

"ఎలా జరిగింది సార్?"

"కనపడనే లేదు సేఠూ. ఎదురుగా ఉంది. నాకు కనపడనే లేదు." ఆ రోజు నేల మీదవాడు, గాలిలోవాడు అనలేదు. కుర్చీ కాళ్ళు కూడా కదిపి చూసుకోలేదు.

ఆ వారంలోనే అక్కయ్య మా అడ్డాకి వచ్చారు, డ్యూటీ దిగి, తెల్ల చీర మీద స్వెట్టరు వేసుకుని. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా వార్డుకి తాగి గుద్దుకుని వచ్చినవాళ్ళు ఏమంటారో తెలుసా తమ్ముడూ? అందరిదీ ఒకే మాట. రెండే పెగ్గులు సిస్టర్ అంటారు. ఈయనా అదే అంటారు."

"విమానం దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉంటారట కదక్కయ్యా. తాగాక సగం రోజు ఎడం ఉంటే గానీ ఎక్కరట."

"నాతోనూ చెప్పారు. నేల మీద వేరట, గాలిలో వేరట. పైకి వెళ్ళేటప్పుడు లివరు విప్పి గుమ్మంలో పెట్టి వెళ్తారా? అదే చెయ్యి, అదే కన్ను, అదే బుర్ర. మొన్న బండివాడు దూకాడు. పైన దూకడానికి ఎవరుంటారు?"

నేనేం చెయ్యగలనన్నాను. "నువ్వు బేరాలాడేవాడివి కదా. ఆయనతో ఒక బేరం ఆడు. ఆ విమానం మాన్పించు. నా మాట వినరు, నేను ప్రతి జబ్బునీ పెద్దది చేస్తానంటారు." నేను నా అలవాటు కొద్దీ, "నాకేమిస్తారక్కయ్యా?" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "గోంగూర పచ్చడి," అన్నారు. ఊరుకాని ఊళ్ళో పచ్చడి పెట్టే మనిషి ముందు నా బేరం ఎప్పుడూ నిలబడలేదు. ఒప్పుకున్నాను.

అలా నేను ఆ ఆదివారం ఆయనతో క్లబ్బుకి వెళ్ళాను. ఒక్కసారి విమానం ఎక్కించమని నేనే అడిగాను. పైకి వెళ్ళి దిగాక, ఆయన మంచి హుషారులో ఉన్నప్పుడు మాట ఎత్తాలని నా ప్లాను. కొనేవాడు నవ్వుతున్నప్పుడే ధర చెప్పాలని మా నాన్న నేర్పించాడు.

చలికాలం. పొగమంచు విడిచేదాకా రన్‌వే పక్క రేకుల షెడ్డులో అందరూ టీలు తాగుతూ కూర్చున్నాం. శనివారం ఎవరి ఇంట్లోనో పెళ్ళిరోజు పార్టీ అయిందట, ఈయనా వెళ్ళారు. "చీకటి పడగానే గ్లాసు దించేశాను. కావాలంటే గంటలు లెక్కపెట్టుకో," అన్నారు నేను అడక్కుండానే. ఆ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. ఎగరబోయే ప్రతివాడి దగ్గరికీ పెద్ద శిక్షకుడు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, మొహం దగ్గర మొహం పెట్టి, "ఠీక్ హో?" అంటాడు. బాగున్నావా అని పలకరింపులా ఉంటుంది గానీ వాసన చూడటమే. ఈయన లవంగం కొరుకుతూ "ఏక్‌దమ్ ఠీక్," అన్నారు. శిక్షకుడు నా మొహం వైపు కూడా చూసి వెళ్ళిపోయాడు. నేను బ్రెడ్ పకోడా నములుతున్నాను.

మంచు విడిచింది. ఆయన విమానం చుట్టూ తిరగడం మొదలుపెట్టారు, నేను వెనకాల. నేను నిజంగా ఆశ్చర్యపోయింది అప్పుడే. నా ప్రదక్షిణ దీని ముందు ఎందుకూ పనికిరాదు. రెక్క అంచు పొడుగునా అరచెయ్యి జరిపారు. చక్రాన్ని మోకాలు ఆన్చి నొక్కారు. పెట్రోలు చిన్న గొట్టంలోకి తీసి వెలుగులో పెట్టి చూశారు. చేస్తున్నంతసేపూ నాతో మాట్లాడుతూనే ఉన్నారు, ఇదిగో దీన్ని ఇలా పట్టుకోవాలి, అదిగో దాన్ని అలా కదపాలి, ఫలానా వాడు ఇది చూడకుండా ఎక్కితే ఏమైందంటే అంటూ. పెళ్ళిలో పెళ్ళికొడుకు తరఫు పెద్దమనిషిలా ఉన్నారు. ఎడమ రెక్క కిందకి వచ్చినప్పుడు హవల్దారు సెల్యూట్ కథ మళ్ళీ ఎత్తుకున్నారు. చెయ్యి రెక్క మీద జరుగుతూనే ఉంది.

ఎక్కి కూర్చున్నాం. లోపల మారుతి కన్నా ఇరుకు. నాకు బెల్టు బిగించారు, తను బిగించుకున్నారు. ముందున్న ముళ్ళ గడియారాల మీద ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి ఏవో గొణుక్కున్నారు. తాళంచెవి మీద చెయ్యి వేశారు.

నాకు భయంగా ఉంది. భయమేస్తే నేను ఊరికే వాగుతాను. "అవునుగానీ సార్, మీ విమానాలకి దిష్టి తగలకుండా ఎర్రగుడ్డ కడతారా? మా బళ్ళకి నల్లది కడతాం."

"ఎర్రగుడ్డేమిటి?"

"అదే, మీ పక్క రెక్క కింద చిన్న గొట్టానికి కట్టుందే. రిబ్బను వేలాడుతూ. దిష్టికనుకున్నా."

ఆయన చెయ్యి తాళంచెవి మీద నుంచి కదలలేదు. తర్వాత బెల్టు విప్పుకుని కిందకి దిగారు. నేనూ దిగాను. ఎర్రగుడ్డ అక్కడే ఉంది, గొట్టానికి తొడిగిన తొడుగు, కింద రిబ్బను. దుమ్మూ పురుగులూ చేరకుండా విమానం నిలబెట్టినప్పుడు తొడిగి, ఎగిరే ముందు తప్పకుండా తియ్యవలసింది అది. ఆ గొట్టంలోకి గాలి పోతేనే లోపల వేగం చూపించే ముల్లు కదులుతుందట. తొడుగు ఉంటే ఆ ముల్లు చచ్చిపడి ఉంటుంది, పైన ఎంత వేగంతో పోతున్నామో తెలీదు. వేగం తెలీకపోతే విమానం ఎప్పుడు గాలి పట్టు తప్పి పడిపోతుందో కూడా తెలీదు. ఇదంతా ఆయన తర్వాత చెప్పారు. అప్పుడైతే తొడుగు లాగి చేతిలో పట్టుకుని, మళ్ళీ మొదటి నుంచీ విమానం చుట్టూ తిరిగారు. ఈసారి ఒక్క మాట లేదు. వచ్చి రెక్క కింద నీడలో నిలబడ్డారు.

"దీని మీదుగానే వెళ్ళింది సేఠూ నా చెయ్యి. గుడ్డ తగిలే ఉంటుంది. నాకు కనపడనే లేదు."

అని, ఆగిపోయారు. ఆ మాట ఆయనకే వినపడింది. జామకాయల బండి గురించి అన్న మాటే. బేరం ఎత్తాల్సిన సమయం అదే, నేను మాత్రం రెక్క అంచు పట్టుకుని నిలబడ్డాను.

ఆయనే మొదలుపెట్టారు. "మా ఆవిడ పంపిందా నిన్ను?"

"పచ్చడి ఇస్తానన్నారు సార్."

"చవగ్గా అమ్ముడుపోయావు." కొంచెం నవ్వారు. "సరే. కారు వదిలేస్తాను. రేపే నీకు ఇచ్చేస్తా. దీన్ని ఉండనీ."

"కుదరదు సార్. మాది చెప్పుల షాపు. జత విడదీసి అమ్మడం మా ఇంటా వంటా లేదు."

"వారానికి ఒక్క రోజురా. నెలకి ఒక్కసారి చేసుకుంటాను."

మొదటిసారి నన్ను 'రా' అన్నారు. అడుక్కునే గొంతు. ఆయన అలా అడగడం నేను చూడలేకపోయాను. నా బదులు అక్కయ్య నిలబడి ఉంటే ఆవిడ ఇంత ఇబ్బంది పడేవారు కాదనుకుంటాను. "అయితే మూడోది మానెయ్యండి. గ్లాసు మానెయ్యండి, కారూ విమానమూ రెండూ మీవే. ఇంతకన్నా మంచి బేరం ఢిల్లీలో ఎవడూ ఇవ్వడు."

ఆయన చేతిలో ఎర్రగుడ్డని మడత పెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడత పెడుతూ నిలబడ్డారు. "మాట ఇచ్చేయగలను సేఠూ. ఎన్నిసార్లో ఇచ్చాను. నిలబెట్టుకోలేను. గ్లాసు విషయంలో ఒక్కటి మాత్రం నాకు ఖాయంగా తెలుసు, అది నాతోనే ఉంటుంది." తలెత్తి రన్‌వే కేసి చూశారు. అవతల పొలాల్లో ఆవాలు పచ్చగా పూసి ఉన్నాయి. "తాళాలు ఇచ్చి వస్తాను, ఉండు."

పెద్ద శిక్షకుడికి ఏం చెప్పారో నాకు తెలీదు. దూరం నుంచి చూశాను. శిక్షకుడు ఈయన భుజం మీద చెయ్యి వేశాడు, ఈసారి మొహం దగ్గరికి మొహం పెట్టలేదు. తిరుగు ప్రయాణంలో కారు నేను నడిపాను. మెహ్రౌలీ వచ్చాక ఆయన, "గేరు మార్చడం రాదు నీకు. నీ చేతిలో కారు పెట్టి ఎవడు కొంటాడురా?" అన్నారు. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది.

మళ్ళీ ఎగరలేదు. మళ్ళీ స్టీరింగు పట్టలేదు. మారుతిని నేనే కొన్నాను, ధర దగ్గర ఇద్దరం మామూలుగానే పోట్లాడుకున్నాం. తాగడం మానలేదు. ఇంట్లో, అక్కయ్య ఎదురుగా, అక్కయ్య పోసినంత. "ఎవరినీ గుద్దని చోట కూర్చుని తాగుతున్నారు, చాలు," అనేవారావిడ. నాకు మాత్రం కొన్ని ఆదివారాలు ఆయన మొహం చూడబుద్ధయ్యేది కాదు. క్వార్టర్సు మీదుగా ఏదైనా విమానం చప్పుడు పోతే తల ఎత్తేవారు. ఎత్తి, "పెద్దది," అనేవారు. అంటే తనది కాదని.

కానీ ఆయన్ని తలుచుకుంటే నాకు ఆ రెక్క కింద నీడ గుర్తురాదు. ఆర్.కె. పురం బస్టాపు గుర్తొస్తుంది. ఆఫీసుకి బస్సులో వెళ్ళేవారు. బస్సు వచ్చి ఆగితే జనం తలుపు మీద పడేవారు. ఈయన మాత్రం ఇస్త్రీ చొక్కాలో, బ్యాగు చంకలో పెట్టుకుని, బస్సు చుట్టూ తిరగడం మొదలుపెట్టేవారు. రేకు మీద అరచెయ్యి, టైరుకి మోకాలు, లైటు మీద రెండు వేళ్ళు. కండక్టరు తలుపులోంచి వంగి, "అంకల్‌జీ, ఖరీద్‌నా హై క్యా?" అని, బస్సు కొంటావా ఏమిటన్నట్టు అరిచేవాడు. ఈయన తొణక్కుండా చుట్టు పూర్తి చేసి, "ఠీక్ హై, చలో," అని ఎక్కేవారు, తనే ఆ బస్సుని నడపబోతున్నట్టు. కొన్నాళ్ళకి ఆ కండక్టరు అలవాటుపడి, చుట్టు పూర్తయ్యేదాకా విజిల్ వేసేవాడు కాదు.

సమాధుల తోటకి తీసుకెళ్ళడానికి మొన్న వ్యాను వచ్చింది. చర్చివాళ్ళు పెట్టె ఎక్కించారు. పాస్టరు గారు ప్రార్థన ముగించారు. డ్రైవరు ఇంజను వేశాడు. నేను తెలీకుండానే బండి పక్కన నడుస్తున్నాను, అరచెయ్యి రేకు మీద జరుపుతూ. డ్రైవరు తల బయట పెట్టి, "క్యా హువా భాయ్‌సాబ్?" అన్నాడు. అందరూ చూస్తున్నారు. అక్కయ్య కూడా.

"ఉండనివ్వండి. చూడనివ్వండి," అన్నారావిడ.

ఎడమ పక్క వెనక టైరులో గాలి తక్కువగా ఉంది. మునిర్కా పంచర్ షాపు దగ్గర ఆపి గాలి కొట్టించాకే బయల్దేరాం.